వెనక చక్రం చెమ్మగిల్లితే

లోడు బండి వెనక టైరు లోపలి పక్కన, అంటే బయటికి కనపడని వైపు, నల్లగా జిడ్డు పట్టి దాని మీద దుమ్ము అట్టకట్టి ఉంటే చాలామంది డ్రైవర్లు గుడ్డతో తుడిచేసి ఊరుకుంటారు. చుక్కే కదా, నాలుగు ట్రిప్పులు తిరిగాక చూద్దాంలే అనుకుంటారు. మార్కాపురం చుట్టుపక్కల చదును రోడ్ల మీద తిరిగే బండికి ఆ నాలుగు ట్రిప్పులు గడిచిపోవచ్చు. గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నల్లమల ఎక్కి నంద్యాల వైపు దిగే బండికి, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే బండికి మాత్రం ఆ జిడ్డును అంత తేలిగ్గా తీసుకునే వీల్లేదు. ఆ కారేది గేర్ ఆయిలు. అది కారే చోటికి బెత్తెడు దూరంలోనే బ్రేకు డ్రమ్ము ఉంటుంది.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకూ మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోవి. కచేరీ పనికైనా సరుకుకైనా కొండ దాటి పోవడం ఈ ప్రాంతానికి పాత అలవాటే. ఇప్పటికీ పలకలు, మిరపకాయలు, పత్తి వేసుకున్న బళ్లు ఆ ఘాట్లలో ఎక్కుతూ దిగుతూనే ఉంటాయి. బరువుతో కొండ దిగే బండిలో బ్రేకులు ఎంత శక్తిని మింగాలో లెక్క వేసి చూద్దాం. సరుకుతో కలిపి రెండున్నర టన్నుల బండి 200 మీటర్ల ఎత్తు దిగిందనుకుంటే, బయటపడే శక్తి దాదాపు 49 లక్షల జౌళ్లు. 16 లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా కాచడానికి సరిపోయే వేడి అది. బండిని చిన్న గేర్లో ఉంచి దిగితే అందులో మంచి భాగం ఇంజనే ఆపుకుంటుంది. మిగిలినదంతా బ్రేకు లైనింగు రాపిడితో వేడిగా మారి గాల్లో కలిసిపోవాలి. నూనె తాగిన లైనింగుకు ఆ రాపిడి ఉండదు. ముందు చక్రాల బ్రేకులే ఎక్కువ భారం మోస్తాయన్నది నిజమే కానీ, వెనక నిండా లోడున్న బండిలో వెనక బ్రేకుల వాటా పెరుగుతుంది. ఒక చక్రం పట్టి, నూనె తడిసిన చక్రం పట్టకపోతే బండి ఒక పక్కకు లాగేస్తుంది. కొంచెం తడిసిన లైనింగు వేడెక్కాక జిగటగా మారి ఉన్నట్టుండి పట్టేయడం కూడా ఉంది. మలుపులో ఈ రెండూ ప్రమాదమే.

అసలు అక్కడ నూనె ఎందుకుంది? ఇంజను తిప్పుడు పొడవాటి షాఫ్టు మీదుగా వచ్చి, వెనక చక్రాల నడుమ ఉండే గుండ్రటి ఇనప హౌసింగులో క్రౌను, పినియను అనే రెండు పళ్ల చక్రాల దగ్గర దారి మళ్లి, ఎడమకూ కుడికీ వెళ్తుంది. ఈ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా జారతాయి కూడా. మామూలు ఇంజను ఆయిలు పొర ఆ ఒత్తిడికి తెగిపోతుంది. అందుకే చిక్కటి గేర్ ఆయిల్లో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలుపుతారు. అవి లోహం మీద పలచని రక్షణ పొర కడతాయి. గేర్ ఆయిలుకు ఆ ఘాటు వాసన గంధకం వల్ల వచ్చిందే. చక్రం దగ్గర తడి కనిపిస్తే ముందు వేలికి రాసుకుని వాసన చూడమని చెప్పేది ఇందుకే. చిక్కగా, జారుడుగా, గంధకపు కంపు కొడితే గేర్ ఆయిలు. పలచగా ఉండి, నీళ్లతో కడిగితే పోయి, రంగు మీద పడితే రంగు లేపేస్తే అది బ్రేకు ఆయిలు. అప్పుడు చూడాల్సింది చక్రం దగ్గరి బ్రేకు సిలిండరును, గేర్ ఆయిలును ఆపే సీలును కాదు.

హౌసింగు నుంచి రెండు చక్రాలకూ రెండు యాక్సిల్ రాడ్లు వెళ్తాయి. జీపు రకం బళ్లలో, పికప్పుల్లో చాలావాటికి ఈ రాడ్డు రెండు పనులు చేస్తుంది: చక్రాన్ని తిప్పుతుంది, బండి బరువునూ మోస్తుంది. ఆ బరువంతా రాడ్డు చివర ఉన్న ఒక్క బేరింగు మీదుగా చక్రానికి దిగుతుంది. పెద్ద లారీల్లో ఏర్పాటు వేరు. అక్కడ హబ్బు రెండు పెద్ద బేరింగుల మీద హౌసింగు గొట్టం పైనే కూర్చుంటుంది, రాడ్డుకు తిప్పడం తప్ప వేరే పని లేదు. లారీని జాకీ ఎత్తకుండానే రాడ్డు బయటికి లాగగలిగేది అందుకే. చిన్న బండిలో బేరింగు పూర్తిగా పాడై, దాన్ని పట్టి ఉంచే కాలరు సడలితే రాడ్డుతో సహా చక్రమే బయటికి వచ్చేయవచ్చు. అందుకే చిన్న బళ్లకు బేరింగును చూసుకోవడం లారీల కన్నా ముఖ్యమంటాను.

బేరింగు పక్కనే ఉంటుంది ఆయిల్ సీలు. చేతిలోకి తీసుకుంటే ఇనప రింగు, దానికి అంటించిన రబ్బరు, రబ్బరు వెనక సన్నటి స్ప్రింగు, అంతే. మొత్తం పనితనమంతా ఆ రబ్బరు అంచులో ఉంది. షాఫ్టు కన్నా కాస్త బిగువుగా చేసిన ఆ అంచు, స్ప్రింగు నొక్కుడుతో తిరిగే ఇనుము చుట్టూ వాలి ఉంటుంది. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఒక గంట నడిస్తే వెనక చక్రం సుమారు 27 వేల సార్లు తిరుగుతుంది. 40 మిల్లీమీటర్ల షాఫ్టు మీద కూర్చున్న రబ్బరు అంచు ఆ గంటలో దాదాపు 3.4 కిలోమీటర్ల మేర ఇనుము మీద రాసుకున్నట్టు. పొడి రబ్బరైతే కాలిపోయేది. మరి ఎలా నిలుస్తోంది?

1957లో ఇంగ్లండులో జాగర్ అనే ఇంజనీరు దీన్ని పరిశోధించి, అంచు నేరుగా ఇనుమును తాకదనీ, నడుమ అతి పలచని నూనె పొర మీద తేలుతుందనీ చూపాడు. ఆ పొర మందం మైక్రాను ప్రాంతం, తల వెంట్రుకలో డెబ్బయ్యో వంతు. అంటే సీలు నూనెను ఆపడానికి దానికే కొంచెం నూనె కావాలి. ఇంకా విశేషమేమిటంటే, అంచుకు రెండు పక్కలా వాలు సమానంగా ఉండదు. నూనె వైపు నిటారుగా, గాలి వైపు వాలుగా చెక్కుతారు. ఈ తేడా వల్ల తిరుగుతున్నంతసేపూ అంచు కింది సూక్ష్మమైన గరుకుదనం నూనెను తిరిగి లోపలికే తోస్తుంది. మంచి సీలు అడ్డుగోడగా నిలబడటమే కాక చిన్న పంపుగా కూడా పనిచేస్తుంది. సీలును తిరగేసి కొడితే ఆ పంపు నూనెను బయటికి తోడుతుంది. కొత్త సీలు వేసిన వారానికే కారుతోందన్న ఫిర్యాదుల్లో ముందు చూడాల్సిన అనుమానం ఇదే. స్ప్రింగు కనిపించే వైపు ఎప్పుడూ నూనె వైపే ఉండాలి.

తొలి రోజుల్లో ఈ అంచులు తోలువి. జర్మనీలో ఫ్రాయిడెన్‌బర్గ్ అనే తోళ్ల పరిశ్రమ 1929 ప్రాంతంలో తోలు సీళ్లు మొదలుపెట్టి, 1930ల్లోనే కృత్రిమ రబ్బరుకు మారింది. ఇప్పుడు మనకు దొరికే నల్ల సీళ్లలో ఎక్కువ భాగం నైట్రైల్ రబ్బరు. అది సుమారు 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, అంతకు మించి వేడిలో ఎక్కువ కాలం ఉంటే గట్టిపడి పగుళ్లిస్తుంది. 200 డిగ్రీల దాకా తట్టుకునే ఫ్లోరో రబ్బరు ఉంది, ఖరీదెక్కువ.

మన ప్రాంతంలో సీలుకు మరో శత్రువు దుమ్ము. మార్కాపురం పలకల గనుల బాటల్లో తిరిగే బండిని చూడండి. పలక రాయిలో అభ్రకపు రేణువులతో పాటు క్వార్ట్జ్ కూడా ఉంటుంది. గట్టిదనపు కొలబద్ద మీద క్వార్ట్జ్‌ది 7, మామూలు ఉక్కు అంతకన్నా మెత్తన. ఆ పొడి సీలు బయటి పెదవిని దాటి రబ్బరులో ఇరుక్కుంటే, మెత్తటి రబ్బరు చెక్కుచెదరదు, గట్టి ఇనుమే అరుగుతుంది. షాఫ్టు మీద గోరు తగిలేంత గాడి పడుతుంది. అలాంటి షాఫ్టు మీద ఎంత మంచి సీలు వేసినా గాడిలోంచి నూనె వస్తూనే ఉంటుంది. షాఫ్టు పారేయక్కర్లేదు. కొత్త సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి, అంచు గాడి మీద పడకుండా కూర్చోబెట్టే వీలుంటే అలా చేయవచ్చు. లేదా అరిగిన చోట పలచని స్టీలు తొడుగు ఎక్కిస్తారు. అలాంటి తొడుగుల మందం 0.28 మిల్లీమీటర్లే కాబట్టి అదే కొలత సీలు సరిపోతుంది.

ఇక చాలా షెడ్లలో ఎవరూ చూడనిది, నా దృష్టిలో మొదట చూడాల్సినది, బ్రీదరు. హౌసింగు పైన చిటికెన వేలంత కూడా ఉండని గొట్టమో, మూతో ఉంటుంది. లోపలి గాలి ఊపిరి పీల్చుకునే దారి అది. 30 డిగ్రీల దగ్గర బయల్దేరిన హౌసింగు ఘాటు ఎక్కేసరికి 90 డిగ్రీలకు చేరిందనుకోండి. దారి మూసుకుపోయి ఉంటే లోపలి గాలి పీడనం ఐదో వంతు పెరుగుతుంది. ఈ రకం సీలు పీడనాన్ని ఆపడానికి చేసినది కాదు, అంచు నొక్కుడే దాని బలం. లోపలి ఒత్తిడి ఆ అంచు మీద పడితే నూనెకు దారి దొరుకుతుంది. బురద పట్టి, రంగు కొట్టేటప్పుడు రంగు పడి, బ్రీదరు మూసుకుపోవడం మామూలే. దాన్ని విప్పి పెట్రోలుతో కడిగి ఊదడానికి ఐదు నిమిషాలు చాలు.

బ్రీదరు మూసుకుంటే వానకాలంలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. వేడెక్కిన బండి గుండ్లకమ్మ మీదో, సగిలేరు మీదో పొంగుతున్న చప్టా దాటితే, హౌసింగు ఒక్కసారి చల్లబడి లోపలి గాలి ముడుచుకుపోతుంది. ఊపిరి దారి లేక సీలు అంచు సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. ఆయిలు లేత కాఫీ రంగులోకి తిరిగితే నీళ్లు చేరినట్టే. అలాంటి ఆయిల్లో నడిచిన బేరింగుకు తుప్పు చుక్కలు పడతాయి. నీళ్లలో దిగిన బండి ఆయిలును ఆ వారంలోనే చూసుకోవాలి.

సీలు దెబ్బతినడానికి బేరింగు కూడా కారణమే. బేరింగు అరిగి షాఫ్టు ఊగులాడితే అంచు ఆ ఊగుడును వెంబడించలేదు, ఒక పక్క సందు వదులుతుంది. అటు నుంచి చూస్తే, సొంత గ్రీజుతో నడిచే బేరింగు ఉన్న బండిలో లోపలి సీలు కారితే గేర్ ఆయిలు ఆ గ్రీజును కడిగేస్తుంది. ఒకటి పోతే రెండోదాన్ని తీసుకుపోతుంది. సీలు ఒక్కటే మార్చి పాత బేరింగును మళ్లీ కొట్టేయడం తప్పని నేననేది ఇందుకే. రాడ్డు ఒకసారి బయటికి వచ్చాక పనిలో ముప్పాతిక అయిపోయినట్టే, బేరింగు ఖరీదు ఆదా చేసుకుని అదే కూలి మళ్లీ ఇవ్వడం దండగ.

బేరింగు ఎంతకాలం మన్నుతుందన్నది అదృష్టమని చాలామంది అనుకుంటారు. దానికి లెక్క ఉంది. స్వీడన్‌లో లుండ్‌బెర్గ్, పామ్‌గ్రెన్ అనే ఇద్దరు 1947లో ప్రచురించిన సిద్ధాంతం ఇప్పటికీ ప్రపంచమంతటా బేరింగుల ఎంపికకు ఆధారం. గుండ్ల బేరింగు మీద బరువు రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రోలరు బేరింగుకైతే పదో వంతుకు. వెనక ఇరుసు మీద అనుమతించిన దాని కన్నా 20 శాతం ఎక్కువ బరువు పడితే రోలరు బేరింగు ఆయుష్షు దాదాపు సగానికి, 50 శాతం ఎక్కువైతే నాలుగో వంతుకు తగ్గుతుంది. గుండు, అది దొర్లే పట్టా తాకే చోటు సూదిమొనంత. అక్కడి ఒత్తిడి వాతావరణ పీడనానికి పది వేల రెట్లు దాటుతుంది. పగులు పైపొర మీద కాక కొంచెం లోతులో మొదలై పైకి వస్తుంది. అందుకే పెచ్చు ఊడే దాకా పైకి ఏమీ కనిపించదు.

ఈ లెక్కను మన ఎండాకాలానికి పెట్టి చూడండి. మన ప్రాంతంలో తాగునీటి ట్యాంకర్లు రోడ్డెక్కని వేసవి లేదు. 5 వేల లీటర్ల ట్యాంకరంటే ఇనుము కాక నీళ్లే 5 టన్నులు. పికప్పు మీద 2 వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఎక్కిస్తే నీళ్లే 2 టన్నులు, ఆ బండి పుస్తకంలో మోత టన్నున్నరే ఉండవచ్చు. పైగా సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపులో ఒక పక్కకు ఒరిగి ఆ వైపు బేరింగు మీద పడతాయి. పక్కకు తోసే బలాన్ని మోయడానికి పుట్టిందే కోను ఆకారపు రోలరు బేరింగు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో బగ్గీలు, బళ్లు చేసే హెన్రీ టిమ్కెన్ 1898లో దానికి పేటెంటు తీసుకున్నాడు. బరువు బండి మలుపు తిరిగేటప్పుడు ఇరుసు మీద పడే ఆ పక్క తోపుడే ఆయన్ను దాని వైపు నడిపించింది.

బేరింగు పోతున్న సంగతి చెవికి ముందు తెలుస్తుంది. వేగంతో పెరిగే గుర్రుమనే మోత వస్తే మెల్లగా ఎడమకూ కుడికీ వంచి చూడాలి. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది, మోత అప్పుడు పెరిగితే కుడి బేరింగును అనుమానించాలి.

సీలు, బేరింగు మార్చే పని విషయానికి వస్తే, ముందు చక్రాలకు రెండు వైపులా కట్టెలు అడ్డం పెట్టకుండా జాకీ ముట్టుకోకూడదు. జాకీ ఎత్తడానికే, మోయడానికి స్టాండు వేరే ఉండాలి. రాళ్లు పేర్చి బండి కిందికి దూరడం మన షెడ్లలో చూస్తూనే ఉన్నాం, పలక రాయి పొరలుగా చీలే రాయి, అది అసలు పనికిరాదు. చక్రం, డ్రమ్ము తీశాక వెనక పళ్లెం నాలుగు బోల్టులు విప్పి రాడ్డును లాగాలి. జారే సుత్తి లేని చోట డ్రమ్మునే తిరగేసి రెండు నట్లు వదులుగా బిగించి కుదుపుతో లాగుతారు, ఆ పద్ధతి తప్పేం కాదు. కొన్ని బళ్లలో రాడ్డును లోపలి చివర చిన్న క్లిప్పు పట్టి ఉంచుతుంది. ఆ రకంలో హౌసింగు మూత విప్పి క్లిప్పు తీయాలి, లేకపోతే ఎంత లాగినా రాదు.

బేరింగును పట్టిన కాలరును సన్నగా తొలిచి ఉలితో చీలుస్తారు. గ్యాసు మంట పెట్టి కోయడం మాత్రం వద్దు, షాఫ్టు ఉక్కు గట్టిదనం పోతుంది. కొత్తది ఎక్కించే ముందు బేరింగును బిగించి ఉంచే పట్టీ పళ్లెం షాఫ్టు మీదికి ఎక్కిందో లేదో చూడాలి. అది మరిచి బేరింగు నొక్కేస్తే మొత్తం కోయాల్సిందే. నొక్కుడు లోపలి పట్టా మీదే పడాలి, బయటి పట్టా మీద పడితే గుండ్లు పట్టాలో గుంటలు కొడతాయి. సుత్తి దెబ్బల కన్నా లేత్ షెడ్డులోని ప్రెస్సు మేలు. ప్రెస్సు లేకపోతే బేరింగును నూనెలో 110 డిగ్రీల దాకా కాచి తొడగవచ్చు, కమ్మరి ఇనప పట్టాను కాల్చి బండి చక్రానికి ఎక్కించినట్టు. 40 మిల్లీమీటర్ల రంధ్రం ఆ వేడికి మిల్లీమీటరులో నూటికి నాలుగు వంతులు సాగుతుంది, బిగువు తీరడానికి అది చాలు. 120 దాటితే బేరింగు ఉక్కు గుణం మారుతుంది. రబ్బరు సీలు, గ్రీజు ఉన్న బేరింగును ఇలా కాచకూడదు.

కొత్త సీలు అంచుకు ఆయిలు రాసి, చుట్టూ సమానంగా పడేలా సరిపడే గొట్టంతో తట్టి దించాలి. పొడిగా ఎక్కిన సీలు మొదట్లోనే కాలిపోవచ్చు. నూనె తాగిన లైనింగును పెట్రోలుతో కడిగినా, నిప్పు మీద కాల్చినా లోపలి నూనె పోదు, రెండు చక్రాలకూ కొత్తవి వేయాల్సిందే. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి డ్రమ్ములోని దుమ్మును కంప్రెసరుతో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఆయిలు హౌసింగు పక్కనున్న రంధ్రం అంచు దాకా పోస్తే చాలు, ఎక్కువైనా కారుతుంది. తీసిన పాత ఆయిలును వాగులో పారబోయకండి, బోర్ల నీళ్లకే కరువైన నేల ఇది.

విడిభాగాల కొట్టుకు వెళ్లినప్పుడు పాతదాని మీది అంకెలు రాసుకెళ్లండి. సీలు మీద మూడు అంకెలుంటాయి: షాఫ్టు మందం, గూడు వెడల్పు, సీలు మందం, మిల్లీమీటర్లలో. మామూలు గుండ్ల బేరింగు మీది చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం వస్తుంది. 6208 అంటే 40 మిల్లీమీటర్లు. అంకె సరిపోయి ధర మరీ తక్కువగా ఉంటే, చెక్కిన అక్షరాలు గజిబిజిగా ఉంటే వదిలేయండి. ఘాటు పందెం కాసే చోటు కాదు.

మెకానిక్కు సీలు మారుస్తానన్నప్పుడు డబ్బులిచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి: బ్రీదరు ఊదారా, షాఫ్టు మీద గాడి చూశారా, బేరింగు కొత్తదేనా? మూడింటికీ అవునన్న జవాబు వచ్చాకే లోడు వేసుకుని కొండ ఎక్కండి.